వెర్లిన్ నిలబడ్డాడు, విరగలేదు

లోవెల్ మంచం మీద ఉన్నాడని కొరీన్ ఫోన్లో చెప్పగానే వెర్లిన్ స్టెనర్సన్ అయ్యో పాపం అన్నాడు. నిన్న పెట్రోలు బంకు దగ్గర బాగానే కనిపించాడే, మన వయసులో జలుబుని కూడా చులకన చెయ్యకూడదు, మొగుణ్ణి జాగ్రత్తగా చూసుకో, రెండు దుప్పట్లు కప్పి వేడిగా కోడి రసం తాగించు, లేస్తానంటే లేవనివ్వకు అని సలహాలు కూడా పడేశాడు. 

"ఏమయ్యా వెర్లిన్, నీకు పరాచికంగా ఉందా?" అంది కొరీన్. "లేవనివ్వకపోవడానికి ఇంట్లో ఉంటేగా? చేపల గుడిసె ట్రక్కుకి తగిలించుకుని పోయాడు."

మంచం మీదున్న మనిషికి ట్రక్కెందుకు, గుడిసెందుకు, కొంపదీసి మంచాన్నే ట్రక్కుకి కట్టుకుని పోయాడా అని వెర్లిన్ బుర్ర గోక్కుని, చొక్కా జేబులో హాయిగా పడుకున్న చెవిమిషన్ని తీసి చెవిలో పెట్టుకున్నాడు. కొరీన్ ఈసారి ఒక్కో అక్షరాన్నీ గుడ్డు పగలగొట్టినట్టు విడదీసి చెప్పింది. "మంచు, వెర్లిన్. మంచు మీద ఉన్నాడు. ఆర్లిస్ పేజీలో పద్నాలుగు అంగుళాలని చూసి పోయాడు. పొద్దున వచ్చింది, నువ్వు చూళ్ళేదూ?"

మంచానికీ మంచుకీ తేడా చివరనున్న ఒక్క సున్న. ఆ సున్నలోంచి ట్రక్కూ గుడిసే లోవెలూ ముగ్గురూ కలిసికట్టుగా కిందికి దిగిపోవచ్చు, ఎందుకంటే వంకర సరస్సు మీద ఇవాళ ఉన్న మంచు మందం పద్నాలుగు కాదు, ఐదు. నిన్న బొరియ వేసి కొలిచింది వెర్లినే. పద్నాలుగు అన్నది అతని భార్య ఆర్లిస్. అన్నది నిజమే, కాకపోతే అన్నది నాలుగేళ్ళ కిందట. ఆర్లిస్ పోయింది మొన్న ఏప్రిల్లో.

ఇప్పుడు వెర్లిన్ సరస్సు రేవులో తన పికప్‌లో కూచుని ఉన్నాడు. కూచోబెట్టారనడం న్యాయం. ఊళ్ళో జీతం తీసుకోకుండా నిప్పులార్పే దళం ఒకటుంది, దానికి పెద్ద డేరిల్, మిగతా రోజుల్లో కొళాయిలు బాగుచేస్తాడు, అంచేత నిప్పు కన్నా నీళ్ళ పనే అతని చేతికి అలవాటు. వెర్లిన్ ఫోను చెయ్యగానే వచ్చి, వెనక పెద్ద పంకా బిగించిన గాలిబండిని మంచు మీదికి దింపి, ఇద్దరు మనుషుల్ని ఎక్కించుకుని, వెళ్ళబోతూ వెర్లిన్ పికప్ అద్దం మీద వేలితో కొట్టాడు. నువ్వు రాకు, నీ అడుగు సామాన్యమైన అడుగు కాదు, మేం వెతకడానికి వచ్చింది ఒకణ్ణి, ఇద్దర్ని కాదు అన్నాడు. గొంతులో విసుగు లేదు. ఈ ఊళ్ళో కొంప అంటుకున్నా కాస్త వెచ్చగా ఉందంటారు తప్ప కేకలు పెట్టరు. ఆ తరవాత గాలిబండి రొద చేసుకుంటూ సరస్సులోకి చొచ్చుకొచ్చిన నేల ముక్కు దాకా పోయి, మలుపు తిరిగి, కనపడకుండా పోయింది. పేరులోనే వంకర ఉన్న సరస్సు ఏదీ తిన్నగా చూడనివ్వదు. గడ్డకట్టిన సరస్సు మీద గుడిసె నిలబెట్టి, మంచులో బొరియ వేసి లోవెల్ ఎప్పుడూ చేపలు పట్టే చోటు ఆ ముక్కు అవతల. పిలుద్దామంటే వాడి ఫోను వాళ్ళ వంటింట్లో కాఫీ డబ్బా పక్కన ఉంది, గంట మోగితే చేపలకి గిట్టదని వాడి సిద్ధాంతం. మంచు మీద చక్రాల జాడలేమన్నా ఉన్నాయా అని వెర్లిన్ కళ్ళు చికిలించి చూశాడు. గాలి అంతా ఊడ్చేసింది. చీపురు పట్టిన గాలి ఏ సాక్ష్యాన్నీ మిగల్చదు. నల్లగా, నున్నగా, కడిగి బోర్లించిన పెనంలా ఉంది సరస్సు. నల్లగా ఉండటం మంచిదే, తెల్లమంచు కన్నా నల్లమంచు గట్టిది. కానీ ఎంత గట్టి ఐదైనా ఐదే. ఐదు మనిషిని మోస్తుంది. మనిషి మోసుకొచ్చిన ట్రక్కుని మొయ్యదు.

దూరంగా ఎక్కడో మంచు మూలిగింది. సరస్సు ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా ఎవరో లావుపాటి మనిషి పాత మంచం మీద పక్కకి ఒత్తిగిల్లినట్టు. మళ్ళీ మంచమే వచ్చింది నోట్లోకి. భయపడక్కర్లేదు, గట్టిపడేటప్పుడు అది అలాగే మూలుగుతుంది, ఎదిగే పిల్లలకి కాళ్ళు నొప్పి పుట్టవూ అలాగ, అని ఆర్లిస్ బస్సులో పిల్లలకి చెప్పేది. ఇరవయ్యేళ్ళకి పైగా బడి బస్సు తోలింది ఆర్లిస్. సరస్సు చుట్టూ తిరిగే దారి ఆమెది. పిల్లల్ని దింపేసి వచ్చేటప్పుడు ఈ రేవులోనే బస్సు ఆపి, సీటు వెనక నుంచి బరమా తీసి, మంచులో బొరియ వేసి, కూతురు కారి చిన్నప్పుడు విరగ్గొట్టిన హాకీ కర్రని అందులోకి దింపి కొలిచేది. ఆ కర్ర మీద ఆమె చాకుతో గీసిన గాట్లు ఇప్పటికీ ఉన్నాయి, ఆ కర్ర ఇప్పుడు వెర్లిన్ పక్క సీట్లో, ఆమె కూచునే చోట, సీటు బెల్టు కింద ఉంది. ఎందుకు బెల్టు పెట్టాడో అడిగితే దొర్లకుండా అంటాడు. ఎవరూ అడగలేదు. మొదట్లో ఆర్లిస్ ఆ మందం బస్సు రేడియోలో చెప్పేది, తరవాత ఎరల కొట్టు తలుపు మీద సుద్దముక్కతో రాసేది, ఆ తరవాత ముఖపుస్తకం వచ్చింది, ఆర్లిస్ అందులోకి వెళ్ళింది, ఊరంతా ఆమె వెనకాలే వెళ్ళింది. చలికాలం పొద్దున్నే ఎవరూ ఆకాశం కేసి చూడరు, ఆర్లిస్ కేసి చూస్తారు. ఆర్లిస్ చెప్పిందా? చెప్పింది. ఎంతంది? ఎనిమిదంది. అయితే పద.

ఎనిమిదని ఊరికే అనేది కాదు. మందుల చీటీ మీద రాసినట్టు అంకె ఒక్కటీ పడెయ్యడం ఆమెకి చేతకాదు. ఇవాళ మంచు నా అత్తగారి పలకరింపు కన్నా పలచగా ఉంది, దూరంగా ఉండండి. ఇవాళ ఆరు, నడిచేవాళ్ళు నడవండి, తాగినవాళ్ళు ఒడ్డునే నడవండి. ఏం రాసినా చివర మాత్రం ఒకటే. నేను చెప్పానని కాదు, మీ బొరియ మీరు వేసుకోండి. అది సంతకంలా అలవాటైపోయి వెర్లిన్ దాన్ని చదవడం ఎప్పుడో మానేశాడు, పెళ్ళాం వెళ్ళొస్తానంటే తలెత్తకుండా ఊఁ అన్నట్టు. ఊఁ అనడం అతనికి బాగా వచ్చిన విద్య. పెళ్ళినాడు పాస్టరు అడిగినప్పుడు కూడా ఊఁ అనే అన్నాడనీ, అంతకన్నా గట్టిగా అంటే చర్చి కప్పు మీద మంచు జారిపడుతుందని భయపడ్డాడనీ ఆర్లిస్ నలుగురిలో చెప్పేది. వెర్లిన్ అని పిలిచే రోజులు మామూలు రోజులు, ముద్దొచ్చిన రోజుల్లో వెర్రిలిన్ అనేది, కోపం వచ్చిన రోజుల్లో కూడా వెర్రిలిన్ అనే అనేది, ఏది ఏదో తెలుసుకోవడానికి అతనికి చాలా చలికాలాలు పట్టింది.

నాలుగేళ్ళ కిందటి ఆ పొద్దు అతనికి బాగా గుర్తు. అసలైన చలి. ముక్కులో వెంట్రుకలు గడ్డకట్టే చలి. కర్ర దింపితే పద్నాలుగో గాటు దాకా మునిగింది. ఆర్లిస్ నమ్మకం కుదరక, లేదా నమ్మకం కుదిరే తమాషాకి, అక్కడికెళ్ళి నిలబడు అంది. వెళ్ళి నిలబడ్డాడు. ఇప్పుడు ఎగురు అంది. ఎగరలేదు, కొంత పరువుంది. చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడ్డాడంతే. ఆవిడ ఫొటో తీసి, పగలబడి నవ్వి, ఆ నవ్వుతోనే ఫోన్లో టకటకా కొట్టి పెట్టేసింది. పద్నాలుగు అంగుళాలు. వెర్లిన్ నిలబడ్డాడు, విరగలేదు. ట్రక్కులు తెచ్చుకోండి.

ఇవాళ పొద్దున్న అదే మళ్ళీ వచ్చింది. ఇదే రోజున నాలుగేళ్ళ కిందట నీ జ్ఞాపకం అని, ఎవరో తలుపు సందులోంచి పాత ఫొటో జార్చినట్టు. ఆర్లిస్ పలకఫోను వంటింటి బల్ల మీద, రొట్టె డబ్బాకి ఆనించి, ఆమె కుర్చీ ఎదురుగా ఉంటుంది. వెర్లిన్ రోజూ పొద్దున్నే కాఫీ పొయ్యి మీద పెట్టి ముందు దాన్ని తెరుస్తాడు. అందులో ఆమె ఖాతా ఎప్పుడూ లాగిన్ అయ్యే ఉంటుంది. ఎంత లాగినా తిరిగిరాని మనిషి అక్కడ మాత్రం లాగకుండానే లాగిన్. తెరిచాక తన కుర్చీలో కూచుని తన ఫోను తీస్తాడు. తీస్తే ఆర్లిస్ స్టెనర్సన్ పేరు పక్కన పచ్చ చుక్క వెలుగుతూ ఉంటుంది. అంటే ఉంది. లైన్లో ఉంది. పోయినవాళ్ళు ఆకాశంలో చుక్కలైపోతారని పసిపిల్లలకి చెబుతారు, ఆకాశంలో అన్ని చుక్కల మధ్య తన చుక్క ఏదో వెతుక్కోవడం వెర్లిన్ వల్ల అయ్యే పని కాదు, ఈ చుక్క అయితే పేరు రాసి మరీ ఉంది. ఎవరు వెలిగించారో అతనికి తెలుసు, వెలిగించిన వేలికి ఇంకా వెన్న జిడ్డు ఉంది. తెలిసినా కాఫీ తాగినంతసేపు దాన్ని చూసేవాడు. మాట్లాడేవాడు కాదు. బతికుండగా కూడా కాఫీ దగ్గర వాళ్ళిద్దరూ పెద్దగా మాట్లాడుకున్నది లేదు, ఆ మౌనంలో ఏ తేడా రాలేదు, అదే సుఖం.

అందుకే కారికి ఊఁ అనలేదు. అన్నిటికీ ఊఁ అనే మనిషి దీనికి మాత్రం అనలేదు. కారి ఫార్గోలో పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది, నొప్పి తెలియకుండా పీకడం దాని వృత్తి. అమ్మ పోయిందని ముఖపుస్తకం వాళ్ళకి కాగితాలన్నీ నేను పంపిస్తాను నాన్నా, అమ్మ పేజీ ఎక్కడికీ పోదు, పేరు పైన గుర్తుగా అని ఒక మాట చేరుతుంది, అమ్మ రాసినవన్నీ అలాగే ఉంటాయి, ఇంకెవరూ లోపలికి వెళ్ళలేరు అంతే అంది. అంతే అట. తలుపు వేసి తాళం లోపల పడేసినట్టు. ఇంకెవరూ అంటే ఎవరు, నేనేగా అన్నాడు వెర్లిన్. నువ్వేగా నాన్నా సమస్య అని కూతురు అనలేదు, అనకుండానే అర్థమయ్యేలా మాట్లాడటం వాళ్ళమ్మ దగ్గరే నేర్చుకుంది. చివరికి ఒకసారి మాత్రం అనేసింది. "నాన్నా, పొద్దున్నే నా ఫోను మోగుతుంది. ఆర్లిస్ స్టెనర్సన్ ఇప్పుడే రాశారు అంటుంది. రోజూ ఒక్క క్షణం నేను నమ్ముతాను. ఆ క్షణం అయిపోయాక నోరు కడుక్కుని పనికి వెళ్ళాలి నేను." అప్పుడు ఏమన్నాడు? వాతావరణం గురించి ఏదో అన్నాడు. ఫార్గోలో గాలి ఎక్కువట కదా అన్నాడు.

తను మొదలుపెట్టాలని మొదలుపెట్టింది కాదు. నవంబరులో సరస్సు అంచులు బిగుసుకోగానే ఆర్లిస్ గోడ మీద ఊళ్ళోవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి నిలబడ్డారు. ఈ ఏడు మంచు ఎవరు చెబుతారు అని ఒకరు, నువ్వు లేక తోచట్లేదు ఆర్లిస్ అని ఒకరు, ఒకడు ఎరలు చవగ్గా అమ్ముతానని కూడా. వెర్లిన్ కర్ర తీసుకుని వెళ్ళి కొలుచుకొచ్చాడు. వచ్చి తన పేరుతో రాద్దామనుకున్నాడు. తన ఖాతాకి స్నేహితులు పదిమంది, అందులో ఇద్దరు కాలం చేశారు, ఒకటి ట్రాక్టర్ల కంపెనీ. అందుకని రొట్టె డబ్బా దగ్గర కూచుని ఆమె పలకలో రాశాడు. మూడు అంగుళాలు అన్నాడు. చూసుకుంటే బోసిగా ఉంది. ఆర్లిస్ అయితే ఇంకేదో అనేది. గంటసేపు ఆలోచించి, మూడు అంగుళాలు, మంచు చాలా చల్లగా ఉంది అని రాశాడు. అదే అతనికి చేతనైన చమత్కారం. అయినా ఎవరూ నవ్వలేదు, ఎవరూ తప్పు పట్టలేదు, బొటనవేళ్ళు ఎత్తి వరసగా పెట్టారు. అలా మొదలైంది ఆర్లిస్ చేతిలో వెర్లిన్ రాత, లేదా వెర్లిన్ చేతిలో ఆర్లిస్ గీత, ఏదో ఒకటి.

ఈ పొద్దున ఆ పాత వాక్యం చదివితే, ఊళ్ళోవాళ్ళందరికీ అది వినిపించాలనిపించింది. అంతే. ఇదీ ఆర్లిస్ అంటే, నేను రాసే చద్దిముద్దలు కాదు, చూడండి అనిపించింది. కింద షేర్ అని ఉంది. నొక్కాడు. షేరు నొక్కినవాడి గుండెల మీద మధ్యాహ్నానికల్లా సవాశేరు పడింది. పైన చిన్న అక్షరాల్లో నాలుగేళ్ళ కిందట అని ఉందే, అది ఎలుక కాళ్ళంత ఉంది, చూడాలంటే కళ్ళజోడు కావాలి, లోవెల్ కళ్ళజోడు ఎప్పుడూ లోవెల్ దగ్గర ఉండదు. ఏళ్ళ తరబడి చేపలకి ఎరలు వేసిన లోవెల్‌కి ఎవరూ వెయ్యకుండానే ఇవాళ ఎర పడింది. వేసింది తనే. కొరీన్ ఫోను పెట్టెయ్యగానే వెర్లిన్ పలక అందుకుని తీసెయ్యబోయాడు. తీసెయ్యమంటారా అని అడిగింది అది. అక్కడ ఆగింది వేలు. తీసేస్తే అసలుది కూడా పోతుందేమో, ఆ ఫొటో, ఆ నవ్వుతో కొట్టిన అక్షరాలు, విరగలేదు అన్న మాట, అన్నీ కలిసి పోతాయేమో. లోవెల్ ప్రాణం ఒక పక్క, ఆర్లిస్ వాక్యం ఒక పక్క, మధ్యలో తన బొటనవేలు. ఎంతసేపు ఆగిందో అతను లెక్కపెట్టలేదు, లెక్కపెడితే ఆ లెక్క తనతోనే ఉండిపోతుందని తెలుసు. నొక్కాడు. పాతది పోలేదు, వెనక్కి వెతికితే నాలుగేళ్ళ కింద దాని చోట అది చెక్కుచెదరకుండా ఉంది, వెర్లిన్ ఇంకా చేతులు జేబుల్లో పెట్టుకుని నిలబడే ఉన్నాడు. పోయింది ఈ పొద్దుటి అచ్చు ఒక్కటే. అయినా ఆ ఆగడం ఉంది చూశావూ, అది ఎవరికీ కనపడదు, ఆర్లిస్‌కి కనపడి ఉంటుంది. వెర్రిలిన్ అని ఉంటుంది. ముద్దుగా కాదు.

మంచు మళ్ళీ మూలిగింది. ఈసారి దగ్గరగా. వెర్లిన్ తలుపు పిడి మీద చెయ్యి వేసి, డేరిల్ మాట గుర్తొచ్చి తీసేశాడు. లోవెల్ ఇప్పుడు ఏం చేస్తుంటాడు? లోవెల్ వాడి పేరు, లోలోపలికి వెళ్ళడం వాడి అలవాటు, ముక్కు దాటి, వాగు కలిసే చోటు దాటి, అక్కడ వాగు నీళ్ళకి మంచు ఎప్పుడూ పలచగానే ఉంటుంది. నిన్న అక్కడ నాలుగు కూడా లేదు. వాడూ తనూ ఏడో తరగతిలో ఒకే బల్ల, ఒకే పెన్సిలు, వాడిది పొడుగు సగం తనది మొండి సగం. ఆర్లిస్‌తో నాట్యానికి వెళ్ళమని తనని తోసింది వాడే, నిజంగానే వీపు మీద చెయ్యి పెట్టి తోశాడు, వెర్లిన్ వెళ్ళి ఆమె కాలు తొక్కాడు. ఏప్రిల్లో ఆర్లిస్‌ని పూడ్చి వచ్చాక చర్చి కింది గదిలో, అందరూ పంది మాంసం శాండ్‌విచ్చిలు తింటూ ఇంత మంచి వాతావరణం దొరికింది చూశారా అనుకుంటున్నప్పుడు, లోవెల్ ఏమీ అనకుండా కాఫీ కప్పు చేతిలో పెట్టి పక్కన కూచున్నాడు. కప్పు చల్లారితే లేచి మార్చాడు. సాయంత్రం దాకా అదే పని. ఆ చేతులు ఇప్పుడు ఆ నల్ల నీళ్ళలో ఉన్నాయేమోనన్న ఆలోచనని వెర్లిన్ రానివ్వలేదు. వచ్చింది. వచ్చి పక్క సీట్లో కర్ర పక్కనే కూచుంది. అతను హీటరు కొంచెం పెంచాడు, ఆ ఆలోచనకి కూడా చలేస్తుందన్నట్టు. జేబులో ఫోను తీసి చూశాడు. ఇంట్లో పలక తెరిచే వచ్చాడు, చుక్క ఇంకా వెలుగుతోంది. పచ్చగా, తాపీగా, ఏమీ ఎరగనట్టు. మొట్టమొదటిసారి అతనికి దాన్ని చూస్తే ఒళ్ళు మండింది. నువ్వు ఉంటే చెప్పేదానివి కదా. ఉంటే ఐదు అని చెప్పేదానివి. ఉన్నట్టు వెలిగి లేనిపోని పద్నాలుగు చెబితే ఎలా? చుక్క ఏమీ అనలేదు. అది చుక్క, అంతకు మించి ఎప్పుడూ ఏమీ కాదు. అలా అనుకున్నాక చిత్రంగా ఊపిరి కాస్త తేలికైంది.

గాలిబండి రొద వినపడింది. చెవిమిషను పెట్టుకునే ఉన్నాడు కాబట్టి భ్రమ కాదు. ముక్కు దగ్గర మలుపు తిరిగింది. వెళ్ళేటప్పుడు ముగ్గురు. వచ్చేటప్పుడు, ఒకటి, రెండు, మూడు, ఆ వెనక బోర్లించిన బకెట్ మీద కూచుని, ఒళ్ళో చేపల సంచీతో, ఊరేగింపులో పెళ్ళికొడుకులా నాలుగోవాడు. వెర్లిన్ దిగలేదు.  లోవెలే వచ్చి పికప్ తలుపు తీసి, బెల్టు పెట్టుకుని ఉన్న కర్రని చూసి, బెల్టు విప్పి, కర్రని వెనక పెట్టి, ఎక్కి కూచున్నాడు. నెత్తి నుంచి బూట్ల దాకా పొడిగా ఉన్నాడు. ఇద్దరూ కాసేపు అద్దంలోంచి సరస్సుని చూశారు.

"పద్నాలుగన్నావు," అన్నాడు లోవెల్.

"నేననలేదు. ఆర్లిస్ అంది."

"అదే నేనూ అంటున్నది. ఒరేయ్, నువ్వు రాసేది నాకు తెలీదా? మంచు చల్లగా ఉంది అని రాస్తావు. ఇవాళ చదవగానే ఆర్లిస్ గొంతు వినపడింది. బతికుందా లేదా అన్నది కూడా తట్టలేదు. ఆర్లిస్ ట్రక్కు తెచ్చుకోమంది, గుడిసె తగిలించాను."

"ట్రక్కేది మరి?" అన్నాడు వెర్లిన్. 

"అవతలి రేవులో, నేల మీద. ఇక్కడ ఒడ్డున నీటి చెమ్మ కనిపిస్తే అటు పోయాను. మీ బొరియ మీరు వేసుకోండి అంది కదా చివర్న? ఎప్పుడూ అంటుంది కదా? వేశాను, ఐదొచ్చింది. ఇంకోటి వేశాను, ఐదే. ఆర్లిస్ తప్పు చెప్పదు కాబట్టి నా కొలబద్దే వంకరనుకున్నాను. అయినా ఎందుకొచ్చిన గొడవని బకెట్ పట్టుకుని నడిచి పోయాను." సంచీలోకి తొంగి చూసుకున్నాడు. "రెండు పడ్డాయి. పర్లేదు."

తను చదవడం మానేసిన వాక్యం. సంతకమని దాటేసిన వాక్యం. వెర్లిన్ స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టుకుని, వాటి మీద తల ఆనించాడు. లోవెల్ అద్దంలోంచి బయటికి చూస్తూ కూచున్నాడు. చేతిలో కప్పు ఉంటే మార్చేవాడే.

కొరీన్ కారు వచ్చి ఆగింది. ఆమె దిగి మొగుణ్ణి పైనుంచి కిందికి ఒకసారి చూసి, ముక్కలన్నీ సరిగ్గా ఉన్నాయని నిర్ధారించుకుని, ఇంటికి రా నీ సంగతి చెబుతానని చూపుతోనే చెప్పి, వెనక సీటులోంచి కాఫీ ఫ్లాస్కూ, పల్లెంలో ఇంట్లో చేసిన చాక్లెట్ బిళ్ళలూ తీసింది. మనిషి మునిగాడో తేలాడో తెలియకుండానే బిళ్ళలు కోసి పల్లెంలో సర్దుకుని రాగలిగింది. డేరిల్, అతని మనుషులిద్దరూ చేతి తొడుగులు తీసి కప్పులు పట్టుకున్నారు. ఇంతకీ ఏం జరిగిందయ్యా అన్నాడు డేరిల్. అందరూ వెర్లిన్ కేసి చూశారు. అతను పికప్ దిగాడు. పెళ్ళిలో కూడా ఊఁ అని సరిపెట్టిన మనిషి అక్కడ ఒడ్డున నిలబడి, మంచాన్ని మంచని కాదు, మంచుని మంచమని విన్నదగ్గర మొదలుపెట్టి, వెనక్కి పోయి, రొట్టె డబ్బా, పలకఫోను, నాలుగేళ్ళ కిందటి పొద్దు, షేరు, ఆగిన వేలు, ఆగిన వేలు కూడా, అన్నీ చెప్పాడు. నవంబరు నుంచి రాస్తున్నది ఆర్లిస్ కాదు తనని కూడా చెప్పాడు. అది తెలిసి ఎవరూ ఆశ్చర్యపోకపోవడం చూసి తనే ఆశ్చర్యపోయాడు. కోడి రసం దగ్గరికి వచ్చేసరికి డేరిల్ మనుషుల్లో ఒకడు కాఫీ ముక్కులోంచి వదిలాడు. చివరగా పచ్చ చుక్క సంగతి చెప్పాడు. దాని కోసమే కారికి ఊఁ అనలేదని చెప్పాడు. అక్కడ ఎవరూ నవ్వలేదు.

"ఆ చుక్క మాకూ కనపడుతుందయ్యా," అంది కొరీన్. "పొద్దున్నే కిటికీలోంచి మీ ఇల్లు కనపడదు కదా. అది వెలిగితే, సరే, వెర్లిన్ లేచాడు, ఇంకా ఉన్నాడు అనుకుని నా కాఫీ నేను పెట్టుకుంటాను. డేరిల్ పెళ్ళామూ అంతే. చర్చిలో సగంమంది అంతే. అది ఆర్లిస్ అని ఎవరనుకున్నారు? అది నువ్వు."

సరస్సు అవతల చెట్ల మీద పొద్దు వాలుతోంది. వెర్లిన్ చాక్లెట్ బిళ్ళ ఒకటి తీసుకుని, తినకుండా పట్టుకుని నిలబడ్డాడు. ఏప్రిల్ నుంచి తను ఆమె కోసం వెలిగిస్తున్న దీపాన్ని ఊరంతా తన కోసం చూస్తోందన్నమాట. ఇన్నాళ్ళూ అతను లెక్కపెట్టిన మౌనంలో ఇంతమంది కాఫీలు తాగుతున్నారన్నమాట.

"దాన్ని ఆర్పెయ్యి," అంది కొరీన్ మెల్లగా. "నీది వెలిగించు. వెలిగించకపోతే రోజూ పొద్దున్నే బూట్లేసుకొచ్చి నీ తలుపు కొట్టాలి నేను, నాకా ఓపిక లేదు. మంచు ఎంతుందో కూడా నీ పేరుతోనే చెప్పు, నీలాగే చెప్పు. చల్లగా ఉంది అను. చల్లగానే ఉంటుంది కదా."

వెర్లిన్ ఫోను తీసి ఫార్గోకి కలిపాడు. గాలికి వినపడదేమోనని స్పీకరు పెట్టాడు, అందరూ వినేలా. కారి హలో అంది. వెర్లిన్ ఊఁ అన్నాడు.  ఏ ఊఁ ఏదో పోల్చుకోవడం ఆ ఇంటి ఆడవాళ్ళకి పుట్టుకతో వచ్చిన విద్య.

"నిజంగానా నాన్నా?" అంది కారి. ఆ తరవాత, "అక్కడ ఎవరెవరున్నారు? ఆ రొద ఏమిటి? లోవెల్ మావయ్య నవ్వుతున్నట్టున్నాడు, ఏమైంది మీకందరికీ?"

వెర్లిన్ చుట్టూ చూశాడు. కొరీన్ అతని కప్పు మళ్ళీ నింపింది. డేరిల్ గాలిబండి అంచు మీద చతికిలబడ్డాడు, రెండోసారి వినడానికి కూడా అతనికి అభ్యంతరం లేనట్టుంది. నల్లమంచు పెద్దగా ఒకసారి మూలిగి, సద్దుకుంది.

"ఏం కాలేదమ్మా," అన్నాడు వెర్లిన్. "మొదట్నుంచి చెబుతాను, విను. లోవెల్ మంచం మీద ఉన్నాడని కొరీన్ ఫోను చేసింది. అంటే మంచం కాదు..."